అమ్మ నెత్తికి పెట్టిన మందు

మా మేనత్త చనిపోయి చాలా ఏళ్ళయింది. ఆమె మీద నా కోపం ఇంకా చల్లారలేదు. చల్లార్చుకోవాలన్న కోరికా లేదు.

అరవైల మొదట్లో మేం వికారాబాదులో ఉండేవాళ్ళం. నాన్న గంజ్‌లో ధాన్యం తూకం వేసేవాడు. ఆయన అక్కే మా మేనత్త. తాండూరులో నాపరాళ్ళ వ్యాపారం చేసే ఇంటి కోడలు. ఆమె ఏమంటే మా ఇంట్లో అదే జరగాలి.

అమ్మకు నలభై అయిదు దాటాక ముట్టు తప్పుతూ తప్పుతూ పూర్తిగా ఆగిపోయింది. చలికాలంలో కూడా ఒంట్లోంచి సెగలు లేచి రవిక తడిసిపోయేది. ఆ రోజుల్లోనే జుట్టు రాలడం మొదలైంది. దువ్వెన పెడితే చాలు, కుచ్చులుగా ఊడివచ్చేది. పాపిట వెడల్పయింది. నడినెత్తిన చర్మం కనిపించసాగింది. ఎందుకిలా అవుతోందో ఆమెకు చెప్పేవాళ్ళు లేరు. పెళ్ళీడుకొచ్చిన కూతురిని, నాతో కూడా చెప్పుకోవడానికి సిగ్గుపడింది. ఇంట్లో ఉన్నా కొంగు నెత్తిమీదికి లాక్కునే పని చేసుకునేది.

ఒకసారి మేనత్త మా ఇంటికి వచ్చి ఉండగా, నాన్న తింటున్న పప్పులో వెంట్రుక వచ్చింది. ఆయన పళ్ళెం ఎత్తి వాకిట్లోకి విసిరాడు.

"మనిషికి ఎంటికలు తినిపిస్తున్నవా?" అని అరిచాడు.

మేనత్త అందుకుంది. "నేను చూస్తనే ఉన్న తమ్మీ. ఆడిదాని నెత్తి బోడిగయ్యిందంటే అది మగని మీదికొస్తది. మా తాండూర్ల మందు పెట్టేటాయన ఉన్నడు. నేను తోల్కపోత."

"నాకొద్దు వదినె," అంది అమ్మ.

"పో," అన్నాడు నాన్న.

నేనూ వెంట వెళ్ళాను. ఆ మందాయన మేనత్త ఇంటికే వచ్చాడు. అమ్మను కూర్చోబెట్టి, నడినెత్తిన మిగిలిన నాలుగు వెంట్రుకలూ కత్తితో గీసి, చాకళ్ళు బట్టలకు గుర్తులు పెట్టే నల్లజీడి రసం పూశాడు. మండితేనే మొలుస్తాయన్నాడు. అమ్మ కేకలు పెడుతూ లేవబోయింది. మేనత్త ఆమె భుజాలు అదిమిపట్టింది.

"జర ఓర్చుకోరాదే! ఊకె నకరాలు జేస్తవు."

తెల్లారేసరికి అమ్మ నెత్తంతా బొబ్బలు. మొహం ఉబ్బి కళ్ళు మూసుకుపోయాయి. మేనత్త చూసి, "చేసుకున్న పాపం బయటికొస్తున్నది," అంది. ఆ నోటిని రాయితో కొట్టాలనిపించింది. అమ్మ చెయ్యి పట్టుకుని, రైలెక్కించి, వికారాబాదు దవాఖానాకు తీసుకుపోయాను.

డాక్టరమ్మ పుండు కడుగుతూనే తిట్టింది. "ఎవడమ్మా ఇది పూసింది? కళ్ళు పోయేవి!" తర్వాత గొంతు తగ్గించి, ముట్టు ఆగిపోయే వయసులో కొందరు ఆడవాళ్ళకు జుట్టు పలచబడుతుందని, అందులో పాపమూ లేదు, శాపమూ లేదని చెప్పింది. అమ్మ ఆ మాట మళ్ళీ చెప్పించుకుంది. ఇంటికొచ్చి నాన్నకు చెబితే, "డాక్టరమ్మకేం ఎర్క," అని బయటికి వెళ్ళిపోయాడు. ఆనాటి నుంచి అమ్మ ఆయనకు వడ్డించడం మానేసింది. వండిన గిన్నెలు ముందు పెట్టి లేచిపోయేది. మంచినీళ్ళడిగితే వినపడనట్టు ఉండేది.

పుండు మానింది గానీ అక్కడ మళ్ళీ ఒక్క వెంట్రుకా రాలేదు.

మరుసటి ఎండాకాలం తాండూరులో మేనత్త ఇంట్లోనే ఆమె కొడుకు పెళ్ళి జరిగింది. ఆడపెళ్ళివాళ్ళూ అక్కడే దిగారు. ఆమె అమ్మను సామాన్లు పెట్టే గదిలోకి తీసుకుపోయి, "పిల్ల తరఫోళ్ళు పెద్దోళ్ళు. నువ్వు గీ అర్రలనే ఉండు. ఎవరన్న వస్తె కొంగు తియ్యకు," అని చెప్పింది. అమ్మ అక్కడే కూర్చుంది. పెళ్ళికూతురికి పసుపు రాయడానికి ఆడవాళ్ళంతా చేరాక లేచి వెళ్ళింది. అందరికంటే ముందు చాప మీద కూర్చుని కొంగు భుజం మీదికి దించేసింది.

పెళ్ళికూతురి నాయనమ్మ చూసి అదిరిపడింది. "అయ్యో, నెత్తికేమైందమ్మా?"

"ఏదో గాలి సోకింది లెండి," అంది మేనత్త గబగబా.

"గాలి గాదు," అంది అమ్మ. "ముట్టాగినంక ఎంటికలు పల్చబడ్డయి. మా వదినె జీడిరసం పూపిచ్చి నెత్తి కాల్చింది. నేను మొత్తుకుంటుంటె భుజాలు వట్టుకున్నది గూడ గీమెనే."

ఆ ముసలావిడ తన కొప్పు తడుముకుని, "నాది గూడ సగం సవరమే బిడ్డా," అంది.

మేనత్త మమ్మల్ని వాకిట్లోకి ఈడ్చుకొచ్చింది. "నా కొడుకు పెండ్లిల నా మొఖాన ఉమ్మినవు. ఇంక నా గడప తొక్కకు!"

"నువ్వు పిలిచినా తొక్క," అంది అమ్మ.

తలంబ్రాలు చూడకుండానే ఇద్దరం తిరుగు రైలెక్కాం. నాన్న పెళ్ళి తంతులన్నీ ముగించుకుని ఇంటికొచ్చి, గుమ్మంలోనే మొదలుపెట్టాడు. "మా అక్క ఇజ్జత్ తీసినవ్."

"నా నెత్తి కాలినప్పుడు నీకు ఇజ్జత్ యాదికి రాలే," అంది అమ్మ.

కొన్నేళ్ళకు మేనత్త మంచాన పడింది. ఒక్కసారి మరదలిని చూడాలని కబురు పంపింది. అమ్మ చిక్కుడుకాయలు ఈనెలు తీస్తూ, తల ఎత్తకుండా, "నువ్వు పోయిరా," అంది నాన్నతో. ఆయన ఒక్కడే వెళ్ళాడు. చుట్టాలు నా దగ్గరికొచ్చి అమ్మకు నచ్చజెప్పమన్నారు. నేను చెప్పలేదు.