ఏడో సంతకం

మా లైబ్రేరియన్ సారు పోయారని మొన్న గుత్తి బస్టాండులో లైబ్రరీ అటెండరమ్మ చెప్పింది. రిటైరయ్యాకా రోజూ లైబ్రరీకి వచ్చేవారు, మధ్యాహ్నం పేపర్లు సర్దుతూ కుర్చీలోనే ఒరిగిపోయారట. వేటకొడవళ్ళ మధ్య బతికి బయటపడ్డ మనిషి, గుండె ఆగి పోయారు.

డెబ్భైల్లో నేను టీచరు ట్రైనింగుకు చదువుకుంటూ రోజూ ఆయన లైబ్రరీలో కూర్చునేదాన్ని. పుస్తకంలోంచి నాలుగు లైన్లు రాసుకున్నా పైన రచయిత పేరు, పేజీ నంబరు రాయించేవారు. "వాడు కష్టపడి రాసినాడు, నువ్వు ఊరికే మోసుకపోతావా?" అని గదమాయించేవారు. వచ్చినవాళ్ళంతా రిజిస్టరులో సంతకం పెట్టాలి. సాయంత్రం తలుపు మూసేముందు చివరి సంతకం కింద స్కేలు పెట్టి ఎర్రసిరాతో గీత కొట్టేవారు.

ఒక సాయంత్రం సంతలో ఒక మనిషిని నరికి చంపారు. మర్నాడు చంపినవాడి మనుషులు లైబ్రరీకి వచ్చారు. నిన్న ఆ వేళకు మావాడు ఇక్కడే పేపరు చదువుతున్నాడు, ఆ పేజీ చించి వాడి సంతకం కూడా చేర్చి కొత్తగా రాయి అన్నారు. నిన్న సంతకం పెట్టిన ఆరుగురం అక్కడే ఉన్నాం. మళ్ళీ పెడతారా అని అడిగితే అందరం తలూపాం. నేనూ ఊపాను.

సారు ఒక్కరే ఒప్పుకోలేదు. రిజిస్టరు మీద బోర్లా పడుకున్నారు. వాళ్ళు తలుపుకు అడ్డంపెట్టే రాయి తెచ్చి, ఆయన కుడిచేతిని బల్లమీద పెట్టి మోదారు. వేళ్ళు విరిగిన చప్పుడు నాకిప్పటికీ వినిపిస్తుంది. నెత్తురు పేపర్ల మీదికి చిమ్మింది. మాలో ఒక్కరూ కుర్చీలోంచి లేవలేదు. వీధిలో జనం గుమిగూడాక వాళ్ళు పోయారు. పేజీ మిగిలింది. కానీ సాక్ష్యం చెప్పడానికి కోర్టుకు మేమెవరమూ పోలేదు, కేసు కొట్టేశారు.

ఆస్పత్రి నుంచి వచ్చాక ఆయన మమ్మల్ని ఒక్క మాటా అనలేదు. అదే నన్ను ఎక్కువ కాల్చింది. ఒక్క సంతకానికి చెయ్యి పోగొట్టుకున్నారు కదా సార్ అని ఒకరోజు ఏడ్చాను.

"ఆ పొద్దు ఈడ కూర్చున్నోళ్ళు ఆరు మందే కదమ్మా. ఏడో మనిషిని నేను యాడ్నుంచి తెచ్చేది?"

ఆ తర్వాత మోచేత్తో స్కేలు నొక్కిపట్టి ఎడమచేత్తో గీసేవారు. గీత ఎప్పుడూ వంకరే.

కబురు విని నేరుగా అటెండరమ్మతోనే లైబ్రరీకి పోయాను. బల్లమీద రిజిస్టరు ఆయన పోయిన రోజు దగ్గరే తెరిచి ఉంది. నాలుగు సంతకాలు, కింద అంతా ఖాళీ. అటెండరమ్మ ఎర్రపెన్ను నా ముందు పెట్టి, "నువ్వే గియ్యి మేడమ్" అంది.

స్కేలు పెట్టి గీశాను. నా వేళ్ళు అయిదూ బాగానే ఉన్నాయి. అయినా గీత వంకరగానే వచ్చింది.