తలుపు వదిలిన ఇరవై నిమిషాలు

ఆర్నీటా ప్రూయిట్ తలుపు దగ్గర నిలబడి ఉంటే పాస్టర్ గారైనా టై సర్దుకోకుండా లోపలికి రారు. లార్చ్ వీధి బాప్టిస్టు చర్చిలో పందొమ్మిదేళ్లుగా అషర్లకు పెద్ద ఆమె. తెల్ల యూనిఫారం, తెల్ల గ్లోవ్స్ వేసుకుని, వచ్చినవాళ్లను నోరు మెదపకుండా చేతి సైగలతోనే బల్లల మీద కూర్చోబెట్టేవాళ్లే అషర్లు. ముప్ఫయ్యేళ్లు సిటీ బస్సు నడిపి రిటైరైంది గాని, అద్దంలో వెనక సీట్లను కనిపెట్టే ఆ చూపు మాత్రం రిటైరు కాలేదు. ప్రసంగం జరుగుతుండగా తలుపు వదిలిన అషర్‌కు మూడు నెలలు బ్యాడ్జి తీసెయ్యాలన్న రూలు ఆమె పెట్టిందే. పార్కింగు మీటరులో చిల్లర వెయ్యడానికని బయటికి పోయిన సొంత పినతల్లి కూతురు వెర్లీన్‌ని కూడా వదల్లేదు. పాపం, ఆ మనిషి నాలుగేళ్లుగా ఆమెతో మాట మానేసింది.

అలాంటి ఆర్నీటా ఒక ఆదివారం తలుపు వదిలింది.

కారణం మోకాళ్లు. మూడో అంతస్తులో కాపురం, లిఫ్టు లేదు. చర్చికి రెండిళ్ల అవతల కింది వాటా అద్దెకుందని పేపర్లో పడింది. ఆదివారం పదకొండున్నర నుంచి చూపిస్తారట, ముందు వచ్చినవాళ్లకే ఇస్తారట. పదకొండూ ముప్ఫై అయిదుకి, ప్రసంగం మంచి పట్టు మీద ఉండగా, పక్కన నిలబడ్డ అషర్ విల్లీ రూత్‌కి 'చూసుకో' అని సైగ చేసి, గబగబా నడిచింది. మేనేజరు గుమ్మానికి అడ్డంగా నిలబడి ఆమె నల్లటి మొహం నుంచి తెల్ల బూట్ల దాకా చూసి, "ఇచ్చేశామమ్మా" అన్నాడు. అతని చెవి పక్కనే, కిటికీకి 'అద్దెకివ్వబడును' అన్న కార్డు వేలాడుతూనే ఉంది. చర్చి అయ్యాక రెండింటికి మళ్లీ వెళ్లింది. అదే మాట. ఈసారి కార్డు లేదు.

ఊరుకునే మనిషి కాదు. నగర పౌరహక్కుల కార్యాలయంలో ఫిర్యాదు పెట్టింది. కానీ ఎన్నింటికి వెళ్లారన్న గడిలో 'రెండు గంటలకు' అని మాత్రమే రాసింది. ప్రసంగం మధ్యలో తలుపు వదిలానని సంతకం పెట్టి ఎలా ఒప్పుకుంటుంది? ఆ ఒక్క గడితోనే కొంప మునిగింది. ఒంటిగంటకి ఒక తెల్ల జంట సంతకం చేసిన ఒప్పందం మేనేజరు చూపించాడు. అయిదు నెలల తర్వాత ఉత్తరం వచ్చింది: వివక్షకు ఆధారం లేదు, ఒప్పుకోకపోతే ముప్ఫై రోజుల్లో అప్పీలు చేసుకోవచ్చు.

ఆ సాయంత్రం విల్లీ రూత్ బెండకాయల పులుసు పట్టుకొచ్చి, ఉత్తరం చదివి అడిగింది.

"అదేంటక్కా, నువ్వు మొదట వెళ్లింది ప్రసంగంలో కదా? అది రాయలేదా?"

"నోర్ముయ్యి."

"డ్యూటీ పుస్తకంలో ఉంది మరి. పదకొండూ ముప్ఫై అయిదుకి వెళ్లావు, అయిదు తక్కువ పన్నెండుకి వచ్చావు."

"ఎవరు రాశారే?"

"నేనే. రాయకపోతే నా బ్యాడ్జి పీకుతావుగా!"

ఆర్నీటాకి నవ్వూ వచ్చింది, ఏడుపూ వచ్చింది. ఇరవై రోజులు కొట్టుమిట్టాడింది. అప్పీలు చేస్తే చర్చిలో పరువు పోతుంది. చేయకపోతే, తన కళ్లెదుట కార్డు పెట్టుకుని అబద్ధమాడినవాడిది నిజమని ఊరి ముద్ర పడిపోతుంది. ఆ రెండోది ఆమెకు మింగుడు పడలేదు.

చర్చివాళ్లు అప్పీలు కాగితం చూసి తెలుసుకునే కంటే తన నోటితోనే వింటే నయమనుకుని, ఆ ఆదివారం ప్రకటనల వేళ లేచి జరిగినదంతా చెప్పింది. "వెర్లీన్, ఇలా రా. ఈ బ్యాడ్జి నువ్వే తియ్యి" అంది.

వెర్లీన్ వచ్చి పిన్ను విప్పుతూ, అందరికీ వినపడేలా, "నాకు మీటరు, నీకు ఇల్లు. కాస్త పెద్ద పాపమే చేశావులే అక్కా" అంది. చర్చంతా పకపకా నవ్వింది. చర్చి పెద్దలైన డీకన్లు కూడా నవ్వలేక కళ్లు తుడుచుకున్నారు.

అప్పీలు విచారణ మంగళవారం. అయినా మా చర్చివాళ్లు ఆదివారం ప్రార్థనకి పెట్టుకునే టోపీలు పెట్టుకుని హాలు నింపేశారు. ఎదురుగా ముగ్గురు కమిషనర్లు. కేసు మొదటి నుంచి వినరట, కార్యాలయం దర్యాప్తు సరిగ్గా చేసిందా లేదా అన్నదే చూస్తారట.

"చెయ్యలేదు" అంది ఆర్నీటా, డ్యూటీ పుస్తకం బల్ల మీద పెట్టి. "కార్డు ఎన్నింటికి తీశావని మీ మనిషి ఆ మేనేజర్ని అడగలేదు. ఆ జంట ఎన్నింటికి వచ్చిందని అడగలేదు. ఒంటిగంట సంతకం చూసి ఫైలు మూసేశాడు. బస్సు గుద్దినప్పుడు నేనిలాంటి రిపోర్టు రాసుంటే, ఆ రోజే ఇంటికి పంపేవాళ్లు."

అధ్యక్షుడు హాల్వర్‌సన్ కళ్లద్దాలు తీశాడు. "అమ్మా, మొదటి కాగితంలో మీరు కూడా ఈ సంగతి దాచారు కదా. ఇప్పుడు దీన్ని ఎందుకు నమ్మాలి?"

"దాచానండీ, తప్పే. మొదటిది నా పరువు కాపాడుకోడానికి రాశాను. ఈ అప్పీలు రాయడానికి పరువు వదులుకున్నాను. అబద్ధమాడేవాళ్లు ఎందుకోసం ఆడతారో మీరే చెప్పండి."

ఆయన కళ్లద్దాలు పెట్టుకుని ఏదో రాసుకున్నాడు. వారం తిరక్కుండానే పాత నిర్ణయం కొట్టేశారు. కొత్తగా దర్యాప్తు చేసినామె ఆ జంటనే అడిగింది. పన్నెండున్నరకి చర్చి ముందు నుంచి కారులో పోతూ, కిటికీలో కార్డు చూసి ఆగామని వాళ్లు దాపరికం లేకుండా చెప్పారు.

చివరి నిర్ణయం వచ్చిన రోజు ఆర్నీటా మూడో అంతస్తులోనే ఉంది. పరిహారం ఎంత, అద్దె వాటా ఎప్పుడిస్తారు అన్న పేజీలు పక్కన పెట్టేసి, ఒక్క వాక్యం మీద వేలు పెట్టి, "ఇది చదువు" అంది.

విల్లీ రూత్ గొంతు సవరించుకుంది. "శ్రీమతి ఆర్నీటా ప్రూయిట్ వెళ్లినప్పుడు ఇల్లు ఖాళీగానే ఉంది."

"మళ్లీ చదువు. కాస్త గట్టిగా."