దొంగలకు మర్యాద నేర్పిన చిజురు

జపాన్ దేశంలోని దొంగలందరికీ మర్యాద నేర్పింది మా రేవు వీధి చిజురు గారే. సరే, అందరికీ కాదు, ఒక్క ముఠాకి. అదీ కోపంలో.

ముప్పై ఏళ్లు ఆవిడ గ్యాస్ కంపెనీలో క్షమాపణ ఉత్తరాలు రాసింది. పొయ్యి మంట రెండు నిమిషాలు ఆగితే చాలు, ఉత్తరంలో అక్కడి ఆనవాయితీ ప్రకారం ముందు మంచు సంగతి, తర్వాత మీ ఆరోగ్యం, ఆపైన నడుం విరిగేంత వంగి క్షమాపణ, చిట్టచివర అసలు విషయం. రిటైరయ్యాక ఒకరోజు అదే కంపెనీ పేరుతో ఈమెయిల్ వచ్చింది: "మీ గ్యాస్ ఆపేస్తున్నాం. వెంటనే కింద నొక్కి కార్డు నంబరు ఇవ్వండి."

"పశువులు!" అంది చిజురు. పంపిన చిరునామా కంపెనీది కాదు, కీబోర్డు మీద పిల్లి నడిచినట్టుంది. అయినా మోసం కన్నా ఆ మొరటుతనమే ఆవిడకి ఒళ్లు మండించింది. కంపెనీకి తెలియజేసి చెరిపేయాల్సింది పోయి, పంతులమ్మలా మొత్తం దిద్ది వాళ్లకే తిప్పి పంపింది. "ముందు క్షమాపణ నేర్చుకోండి, తర్వాత దొంగతనం" అని చివర ఓ ముక్క తగిలించింది.

నెల తిరగలేదు. భార్య పోయి ఒంటరిగా ఉంటున్న పక్కింటి కుసకబె గారు ఫోను పట్టుకుని, కళ్లు తుడుచుకుంటూ వచ్చాడు.

"గ్యాస్ కంపెనీ వాళ్లు ఎంత బాగా రాశారో చూడండి చిజురు గారూ! మా ఆవిడ పోయాక నన్నింత ఆప్యాయంగా ఎవరూ పలకరించలేదు. కార్డు నంబరు అడిగారు, సగం కొట్టాను. అంకెలు కంటికి ఆనడం లేదు, మిగతాది మీరు కొట్టి పెట్టండి."

చిజురు చదివింది. "తొలిమంచు మీ గుమ్మం తాకే ఈ వేళ..." అక్షరం పొల్లుపోకుండా తను దిద్ది పంపిన వాక్యమే.

"ఆ వేలు తీయండి ముందు!"

"ఇంత మర్యాదస్తులు దొంగలంటారా?"

"మర్యాద ఎవడైనా ఎత్తుకొస్తాడు. ఈ చిరునామా చూడండి, మనుషులు పెట్టుకునేదేనా? కంపెనీ ఏనాడైనా ఈమెయిల్లో కార్డు నంబరు అడిగిందా? మీకు వయసొచ్చింది గానీ..."

ఈసారి జవాబు రాయలేదు. ఆయన ఫోనులోంచే దాన్ని ఉన్నదున్నట్టు కంపెనీకి పంపి, పోలీసులకి చెప్పింది.

మర్నాడు కంపెనీ గుమాస్తా కృతజ్ఞతగా మిఠాయి పెట్టెతో చిజురు ఇంటికి వచ్చి వంగి దండం పెట్టాడు. "ఈ దొంగల రాత అచ్చం మీ పాత ఉత్తరాల్లా ఉందండీ, ఎలాగంటారు?"

"దొంగలకి నేను జవాబు రాయడమేమిటి? అలాంటిదేం జరగలేదు. నాకసలు ఈమెయిలే లేదు," అని చిజురు మిఠాయి పెట్టె లాక్కుని తలుపేసింది.