మా అయ్య కాదనలేని చెట్టు

ఏడేళ్ళప్పటి నుంచి పద్నాలుగేళ్ళ దాకా నా తిండి ఒక జీలుగు చెట్టు మీద నుంచి దిగింది. తెల్లారేసరికి చెట్టు మొదట్లో వెదురుబుట్ట పెట్టుకుని కూర్చునేదాన్ని. మా అయ్య చెట్టెక్కి కల్లుకుండ దింపేవాడు. తాగడానికి వచ్చిన మగవాళ్ళు ఒక్కొక్కరూ నా బుట్టలో దోసెడు చోళ్ళు పోసి, ఆ తర్వాతే ఆనపబుర్ర ముందుకు చాపేవారు. రాగుల్ని మేము చోళ్ళంటాం. ఊళ్ళో ఏ జమీందారు కూతురికీ అంత దర్జా ఉండదనుకునేదాన్ని. మా ఊళ్ళో జమీందారు ఎవరూ లేరు, అది వేరే సంగతి.

ఇదంతా సర్కారు ఉత్తర్వు ప్రకారం జరిగేది. ఆ ఉత్తర్వు సాధించింది వేలిముద్ర తప్ప ఇంకేమీ రాని మా అమ్మ. ఆవిడ గురించి చెప్పేటప్పుడు నాకు కాస్త గొంతు పెరుగుతుంది. సర్దుకోండి.

ఇది పందొమ్మిది వందల ఇరవైల నాటి మాట. అరకు లోయకి అప్పటికి రైలు రాలేదు. నేను పాకే వయసులో మా అయ్య గెడ్డ, అంటే కొండవాగు, దాటి అవతలి ఊరి ఆవిడతో కాపురం పెట్టాడు. కొండల్లో అది పెద్ద వింత కాదు, అమ్మ కూడా దానికి ఏడవలేదు. "పోతే పోనాడు, గురక తగ్గింది" అనేదట. చిక్కంతా నా దగ్గర వచ్చింది. మా కులపెద్దల తీర్పు ఎప్పుడూ ఒకటే. బిడ్డ తండ్రి వంశానిది, కావాలంటే తండ్రి తీసుకుపోవచ్చు. ఇవ్వనని తల్లి ఉంచేసుకుంటే, ఆవిడే పెంచుకోవాలి. అమ్మ నన్ను ఇవ్వనంది. అయ్య వెంటనే ఒప్పేసుకున్నాడు.

అమ్మ ఒక్కతే పోడు కొట్టి చోళ్ళు, సామలు చల్లేది. ఒక ఏడు వానలు మొహం చాటేశాయి. సంతకి వచ్చే షావుకారు దగ్గర గింజలు అప్పు తెచ్చింది. మరుసటి పంటకి తీర్చలేకపోయింది. షావుకారు నన్ను ఎగాదిగా చూసి, "గుంటని మా ఇంట్లో గొత్తికి పెట్టు, అప్పు తీరేదాకా పని చేస్తుంది" అన్నాడు. గొత్తి అంటే అప్పు కింద చాకిరీకి ఉండిపోవడం. అలా వెళ్ళిన మనిషి అప్పు తీరి ఇంటికి రావడం మా ఊళ్ళో ఎవరూ చూడలేదు. ఆ పై కోతల దాకా గడువిచ్చాడు.

ఆ సంతలోనే ఒక కోర్టు బంట్రోతు చుట్ట కాల్చుకుంటూ మా అమ్మకి సంగతి చెప్పాడు. సర్కారు చట్టం ప్రకారం, బిడ్డ ఎవరి దగ్గరున్నా సరే, తండ్రి ఆ బిడ్డకి తిండి పెట్టి తీరాలట. అమ్మ నమ్మలేదు. మూడుసార్లు అడిగి చెప్పించుకుంది. ఆ తర్వాత మేజిస్ట్రేటు గారు లోయలో డేరా వేసిన రోజున నన్ను వెంటబెట్టుకుని పొద్దంతా నడిచింది.

మొదటి విచారణ తొందరగా తేలిపోయింది. మా అయ్య "ఈ గుంట నాది కాదు బాబూ" అన్నాడు. మా ముఠాదారు, అంటే నాలుగైదు ఊళ్ళకి పెద్ద, నన్ను ముందుకి నెట్టి "ముక్కు సూడండి బాబూ" అన్నాడు. మేజిస్ట్రేటు గారు నా ముక్కు చూశారు, మా అయ్య ముక్కు చూశారు, నెలకి రెండు రూపాయలని రాశారు. ఆ ముక్కు నాకు మేలు చేసింది అదొక్కసారే.

మూడు నెలలు గడిచాయి, ఒక్క కాణీ రాలేదు. అమ్మ మళ్ళీ నడిచింది. జప్తు చెయ్యమని వారంటు పుట్టింది. బంట్రోతు మా అయ్య ఇంటికి వెళ్ళాడు. పోడు చూస్తే సర్కారు అడవి. ఆవులు అన్నగారివన్నాడు. గుడిసె కొత్త అత్తగారిదన్నాడు. వంటకుండలు కూడా ఆవిడవేనన్నాడు. ఆ లెక్కన గోచీ కూడా ఎవరో ఎరువిచ్చిందే అయ్యుండాలి. బంట్రోతు ఉత్తచేతులతో తిరిగొచ్చాడు.

రెండో విచారణ నాటికి కోతలు దగ్గర పడ్డాయి. అమ్మ దారి పొడుగునా నా చెయ్యి నొప్పెట్టేలా పట్టుకుంది. డేరా ముందు మా అయ్య, ముఠాదారు, ఊరి మగవాళ్ళు పదిమంది, మా మేనమామ కూర్చున్నారు.

"జప్తుకి ఏమీ దొరకలేదు," అన్నారు మేజిస్ట్రేటు గారు. "ఇక చట్టంలో మిగిలింది ఒకటే. కట్టని బాకీకి ఇతన్ని నెల రోజులు జైలుకి పంపుతాను."

"వొద్దు బాబూ," అంది అమ్మ. "జైల్లో ఆడికి సర్కారు కూడెడతాది. మరి నా గుంటకి ఎవులెడతారు? ఆడు బైటే ఉండాల, పని సెయ్యాల. ఆడికి మా ఊరి గెడ్డ పక్కన జీలుగు సెట్టుంది."

కోర్టు గుమాస్తా నవ్వాడు. "అది అడవిలో చెట్టు. నేల సర్కారుది, చెట్టూ సర్కారుదే. అతనిదెలా అవుతుంది?"

మా అయ్య మొహం వెలిగింది. గుమాస్తా మాటకి అవునని తలూపితే చాలు, అయ్య ఇంటికి పోతాడు, నేను షావుకారింటికి పోతాను. అంతవరకు నాకూ అర్థమైంది.

అమ్మ గుమాస్తాతో వాదించలేదు. "అలాగే కానీండి," అంది. "ఆ సెట్టు తనది కాదని ఈ పెద్దల ముందు ఆడి నోటితోనే అనమనండి. రేపు బేగి మా తమ్ముడు కుండ కడతాడు."

కొండ కిందివాళ్ళకి ఇందులో కిటుకు తెలియదు. మాకు నేల ఎవరిదో పట్టదు, జీలుగు చెట్టు ఎవరిదో మాత్రం పుట్టిన పిల్లకి కూడా తెలుసు. తాత కాపాడిన చెట్టు తండ్రి గీస్తాడు, తండ్రి కాపాడిన చెట్టు కొడుకు గీస్తాడు. మగాడి పరువంతా పొద్దున్నే ఆ చెట్టు కింద చేరే గుంపులో ఉంటుంది. నాది కాదని పెద్దల ముందు ఒక్కసారి అంటే, ఎవడైనా వచ్చి కుండ కట్టుకోవచ్చు.

"చెట్టు నీదా, కాదా?" అని మేజిస్ట్రేటు గారు అడిగారు.

మా అయ్య వెనక్కి తిరిగాడు. మా మేనమామ వైపు చూశాడు. మేనమామ అప్పుడే కుండ కడుతున్నట్టు నడుముకి తాడు బిగించుకుంటున్నాడు. అంతే, అయ్య లేచి నిలబడ్డాడు.

"నా సెట్టు మీద ఎవుడు సెయ్యేత్తాడో సూత్తాను. మా తాత కాసిన సెట్టది."

"రాసుకో," అన్నారు మేజిస్ట్రేటు గారు గుమాస్తాతో.

కూతుర్ని కాదన్న మనిషి చెట్టుని కాదనలేకపోయాడు. ఆ సంగతి తలుచుకుని ఆ రాత్రి ఏడ్చాను. ఇప్పుడు నవ్వొస్తుంది, కొంచెం మంట కూడా పుడుతుంది.

గుమాస్తా చెట్టుని వేలం వేద్దామన్నాడు. అమ్మ అడ్డం పడింది. వేలం వేస్తే షావుకారే కొంటాడని ఆవిడకి తెలుసు. చెట్టు అయ్యదే, గీత కూడా అయ్యదే, దిగిన కుండ మాత్రం గుంట పేరని ఆవిడే షరతులు చెప్పింది. మేజిస్ట్రేటు గారు రాజీ కింద రాశారు. ఇద్దరూ వేలిముద్రలు వేశారు.

మొదటిరోజు మగవాళ్ళు సణిగారు. మా ఊళ్ళో కల్లు ఎవరూ కొనుక్కోరు. "కల్లుకి సోళ్ళు అడుగుతారేటి?" అని ఒక ముసలాయన గయ్యిమన్నాడు. "కల్లుకి కాదు మావా, గుంటకి," అంది అమ్మ. ఆయన మర్నాడు దోసెడు తెచ్చాడు. తాగే కొద్దీ మనసు కరిగి రెండో దోసెడు పోసేవాడు కూడా.

అలా నా తిండి చెట్టు చూసుకుంది, అమ్మ పంట అప్పుకి పోయింది. కోతలయ్యాక షావుకారు గుమ్మంలో గింజలు కొలిచి, నలుగురు సాక్షుల్ని నిలబెట్టి బాకీ తెంచుకుంది. వస్తూ వస్తూ సంతలో నాకు పూసలదండ కొంది. అవసరం లేని వస్తువు ఆవిడ కొనడం నేను చూసింది ఆ రోజే.

మా అయ్య నాతో మాట్లాడేవాడు కాదు. "కుండ పట్టు" అనేవాడు, నేను పట్టేదాన్ని. అయితే ఒక్క రోజు కూడా కల్లులో నీళ్ళు కలపలేదు, గీత తప్పలేదు. వానాకాలం చెట్టు ఊరుకుంటే ఊరుకునేవాడు, చలి రాగానే మళ్ళీ ఎక్కేవాడు. చెడ్డ కల్లు దింపితే పరువు పోతుందని అయ్యుంటుంది. కారణం ఏదైనా నాకు కడుపు నిండింది.

జీలుగు చెట్టుకి గెలలు పైనుంచి మొదలై ఏటేటా కిందికి దిగుతాయి. కింది గెల అయిపోతే చెట్టు చచ్చిపోతుంది. నా పద్నాలుగో ఏట ఆకులు వాలిపోయాయి. ఆఖరి కుండ దించి అయ్య కత్తి తుడుచుకుంటున్నాడు. చెట్టు కింద రాలిన గింజల నుంచి మూడు మొక్కలు మొలిచి మోకాలెత్తు ఉన్నాయి. అవి ఎవరివో ముందే తేల్చుకుందామని ఎవరో అన్నారు. మా కొండల్లో ఆడదాని పేర జీలుగు చెట్టు అంతవరకూ లేదు. గెడ్డ అవతల అయ్యకి ఇద్దరు కొడుకులున్నారు.

అయ్య నావైపు చూడలేదు. డేరా ముందు అరిచినంత గట్టిగానే అన్నాడు: "ఇయి నా గుంటయి. ఎవుడు సెయ్యేత్తాడో సూత్తాను."

నేను బుట్ట వదిలేసి ఇంటికి పరిగెత్తి అమ్మకి చెప్పాను. ఆవిడ చోళ్ళు విసురుతోంది. తిరగలి ఆపింది.

"కోర్టు సెప్పకండానే ఇచ్చేడు," అంది.

ఆ మాట ఆ రోజు నాలుగుసార్లు అంది.