సిమెంటు కోర్టు మీద మా జట్టు

ఇప్పటి పిల్లలు ముందు బూట్లు కొని, తర్వాత ఆట మొదలుపెడుతున్నారు. అరవైల్లో మేము నల్లగొండ కాలేజీలో బాస్కెట్‌బాల్ ఆడినప్పుడు బూట్ల ఊసే లేదు. కోర్టు కూడా మేమే తయారుచేసుకున్నాం. అందరం వ్యవసాయం ఇళ్ల నుంచి వచ్చినవాళ్లం కనుక మాకు తెలిసిన చదును నేల వడ్లు కొట్టే కళ్లం ఒక్కటే. మట్టి తడిపి, గట్టిగా కొట్టి, పేడతో అలికాం. కళ్లంలో చెప్పులతో అడుగుపెట్టడం మా ఇళ్లలో మహాపాపం. అందుకని గీత బయటే చెప్పులు విడిచి, నేలకు దండం పెట్టి, సాయంత్రం చల్లబడ్డాక ఆడేవాళ్లం. (ఆ నేల మీద బంతి మోకాలు దాటి లేచేది కాదు. మేము నాట్లు వేస్తున్నట్టు వంగి ఆడేవాళ్లం.)

మోత్కూరు దగ్గర మా ఊళ్లో మా నాన్నకు, అంటే బాపుకు, ఈ సంగతి తెలిసింది. "సదువుకొమ్మని తోలితే బంతాట ఆడుతున్నవా? మహబూబ్‌నగర్ల మీ పందెమున్నదంట గద, వచ్చి జూస్త. పనికొచ్చేదైతే ఉండు, లేకుంటే ఇంటికి నడువు, నాగలి పట్టుదువు" అన్నాడు.

మహబూబ్‌నగర్ కోర్టు సిమెంటుది. ఎండాకాలం, మిట్టమధ్యాహ్నం. బాపు అన్నట్టే వచ్చి ఒక పక్కన కూర్చున్నాడు. అలవాటుగా చెప్పులు విడిచి దండం పెట్టబోతే చేతులు చురుక్కుమన్నాయి. పౌరుషానికి పోయి అలాగే దిగాం. ఇక చూడాలి మా అవస్థ. ఒక్కడి కాలు నేల మీద నిలిస్తే ఒట్టు. బంతేమో లేచి మా మూతులకే తగులుతోంది. మేము పొడుగన్న అని పిలిచే కెప్టెన్ బంతి నా చేతిలో పెట్టి గోడ నీడకు పరుగెత్తాడు. "అన్నా, ఎటు పోతున్నవ్?" అంటే, "జర ఆగు తమ్మీ, కాళ్లు సల్లార్సుకొని వస్త" అన్నాడు. అవతలి జట్టు బూట్లతో తాపీగా ఆడి మమ్మల్ని చిత్తుగా ఓడించింది.

ఇక ఊరికి మూట కట్టుకోవలసిందేనని, బొబ్బలెక్కిన కాళ్లతో కుంటుకుంటూ బాపు దగ్గరికి వెళ్లాను. ఆయన కింద కూర్చుని నా అరికాలు పట్టుకుని చూశాడు. వేలితో నొక్కి చూశాడు.

"ఏందిరా, గింత మెత్తగైనయా కాళ్లు? గీటితోని దుక్కిల ఒక్క సాలు గూడ నడువలేవు. ఎవుసం నీతోని గాదు. పో, గాడనే ఉండి సదువుకో."

మా జట్టువాళ్లంతా నవ్వారు, నేనూ నవ్వాను. బాపు ఒక్కడే బస్సెక్కి ఊరికి వెళ్లి, ఆ ఏడు దుక్కి కూడా ఒక్కడే దున్నుకున్నాడు. నేను పాసై, గుమాస్తాగా చేరి, బతుకంతా ఫ్యాను కింద కూర్చున్నాను. ఓడిపోయి ఇంత బాగుపడిన ఆటగాడు ఇంకెవడైనా ఉన్నాడా అనుకుంటే ఇప్పటికీ నవ్వొస్తుంది. ఆ మాట బాపుకు చెప్పి ఆయన్నీ నవ్వించి ఉంటే బాగుండేదనిపిస్తుంది.