చెల్లెలి మాడుకు పోయిన ఆముదం

మా అమ్మాయికి ఆడపిల్ల పుట్టిందండోయ్!! తల్లీ పిల్లా క్షేమం. రాజాం ఆసుపత్రి వరండాలో కూర్చుని రాస్తున్నాను.

పాప మాడుకు పెడదామని ఇంటి ఆముదం సీసా జేబులో పెట్టుకొచ్చాను. మూత తీశానో లేదో నర్సమ్మ పట్టేసుకుంది. "తాతగారూ, అవేటీ రాయకూడదండి. డాక్టరమ్మ తిడతాది."

ఏం చేస్తాను... సీసా మళ్లీ జేబులోకే.

మా చిన్నప్పుడు... సాలూరు కొండల కింద మా చిలగడదుంపల చేను. చలికాలమంతా మాకు తిండి అదే. అడవిపందులకూ అదే! అందుకే మా అయ్యకు లైసెన్సు తుపాకి ఉండేది, గొట్టం మూతిలోంచి మందు దట్టించే పాతకాలంది. తేనెమైనం, ఆముదం కలిపి కరిగించి, ఆ కందెన గుడ్డపేలికలకు పట్టించేవాడు. పేలికలో చుట్టిన సీసం గుండు గొట్టంలోకి జారిపోయేది. ఇల్లంతా తేనెపట్టు వాసన...

ఒక ఏడాది మా చెల్లి నెల తక్కువగా పుట్టింది. అరచేతిలో పట్టేంత పిల్ల.

మైనం పొయ్యి మీద పెట్టి అయ్య మా అమ్మ మీద అరిచాడు. "ఒసే, ఆముదం ఏటయినాది?"

"పిల్ల మాడుకి ఎట్టీసినాను. నీ తుపాక్కి కావాలా, నీ కూతురికా?"

"మరి గుండ్లకో?"

"ఇప్పనూని ఉన్నాది కదా, సేసుకో!"

అయ్య ఇప్పనూనే పోశాడు. వేడిగా ఉన్నప్పుడు బాగానే ఉంది. చలికి ఇప్పనూనె గడ్డకడుతుందని ఆ కంగారులో ఇద్దరికీ తోచలేదు.

తెల్లవారే వేళ, మంచులో పందులు దిగాయి. అయ్య మందు పోసి గుండు దోశాడు. కందెన రాయిలా బిగిసిపోయింది... గుండు సగంలోనే ఆగింది. అలా పేలిస్తే గొట్టం చీలి మనిషే పోతాడు.

"దిగనేదురా... దిగనేదు!"

నేను డబ్బా వాయించాను, అరిచాను. పందులు తలైనా ఎత్తలేదు. మా కళ్లముందే సాలు తర్వాత సాలు పెళ్లగించుకు తిన్నాయి. అంత పెద్ద మనిషి, చేతిలో తుపాకి పెట్టుకుని అలా నిలబడిపోయాడు...

ఇంటికొచ్చి చెల్లి పక్కన కూలబడి, నూనె ఓడుతున్న ఆ మాడు మీద చెయ్యి వేశాడు. "నీ మాడు సల్లగుంటే సాలే, తల్లీ."

ఇవాళ అద్దం తలుపు ఇవతల నేనూ అలాగే నిలబడ్డాను. లోపల నా కూతురు కేకలు... చేతిలో ఏమీ లేదు, చేయగలిగిందీ లేదు. అప్పుడు కనీసం మాడు మీద చెయ్యి వేయనిచ్చేవారు. మీ ఇళ్లలో ఆముదం ఎవరి మాడుకు పోయేదో మీరూ రాయండి...

ఫోనులో చార్జింగు అయిపోవచ్చింది. చూసినవాళ్లు కాస్త కబురందించండి బాబూ: కొత్తవలస మావయ్యకు, కళింగపట్నం బావకు, బొబ్బిలి పెద్దక్కకు, వియ్యాలవారి తమ్ముడికి... అందరికన్నా ముందు మా చెల్లికి. నీ మేనకోడలికి కూతురు పుట్టింది, సీసా నా జేబులోనే ఉంది, నువ్వొచ్చి ఆ నర్సమ్మతో మాట్లాడాలి అని చెప్పండి.