సుభాష్ సారు జొన్నచేను

సుభాష్ సారుకు జొన్న మీద ప్రేమ నలభై దాటాక పుట్టింది. అంతకు ముందు ఉన్నది పగే. సిర్గాపూర్ బడిలో చదివే రోజుల్లో తోటి పిల్లలు అన్నం గిన్నెలు విప్పితే, తను మూత అడ్డం పెట్టుకుని జొన్నరొట్టె తినేవాడు. ఉద్యోగం దొరికిన నాడే ఇంట్లో రొట్టెల పెనం అటకెక్కింది. అలాంటి మనిషిని పట్టుకుని, నారాయణఖేడ్‌లోని ఒక ప్రైవేటు డిగ్రీ కాలేజీ వాళ్లు 'సుస్థిర ఆహార వ్యవస్థల మెంటర్'ను చేశారు. పట్నం నుంచి ఏదో సంస్థ వచ్చి, పిల్లలకు తిండీ పంటల సంగతి చెప్పి దారి చూపే మనిషి కావాలన్నది. ప్రిన్సిపాల్ స్టాఫ్ రూంలోకి తొంగిచూశాడు. ఆ వేళకు ఖాళీగా కూర్చున్నది బాటనీ సుభాష్ ఒక్కడే. ఎంపిక అంత శాస్త్రీయంగా జరిగింది.

మెడలో మెంటర్ బిల్ల పడగానే సారు గొంతు మారింది. పత్తి నేలను పీల్చేస్తుందనీ, జొన్న నేలకు తల్లి లాంటిదనీ చెబుతుంటే పిల్లలు చప్పట్లు కొట్టేవాళ్లు. ఓ రోజు బాలకిషన్ అనే పిల్లవాడు లేచి, "మరి మీ చేన్ల ఏమేసిన్రు సార్?" అన్నాడు.

"జొన్న. నడుమ కంది, చుట్టూ కుసుమ" అన్నాడు సారు, ఊపులో.

సిర్గాపూర్ దగ్గర ఆయన చేను నిండా పత్తే. పంటలో వాటాకు ఆ చేను చేసే దేవప్పను పత్తి ఎట్లున్నదనే తప్ప ఇంకో మాట అడిగి ఎరగడు. అయినా ఆ జొన్నచేను రెండేళ్ల పాటు క్లాసులో ఏపుగా పెరిగింది. వారానికోసారి అందులో కొత్త పంట కూడా మొలిచేది.

ఆ మాటలు అక్షరాలా నమ్మిన పిల్ల నిస్సీ. సిర్గాపూర్ పక్క ఊళ్లో ఆమె తండ్రి ఈరయ్య రైతు. హాస్టల్ నుంచి ఇంటికి వెళ్లినప్పుడల్లా పోరు పెట్టి, ఎప్పుడూ పత్తి వేసే అరెకరంలో ఆయనతో జొన్న వేయించింది. చుట్టూ కనుచూపు మేర పత్తి. గింజ పాలుపోసుకోగానే ఆ దిక్కు పిట్టలన్నీ వచ్చి ఈరయ్య చేను మీదే వాలాయి. నిస్సీ తన పాత నీలం చున్నీని పేలికలుగా చింపి కంకులకు కట్టింది. పిట్టలు వాటిని లెక్కచేయలేదు.

"కోసి గొడ్లకేస్త బిడ్డా, ఇగ నాతోని గాదు" అన్నాడు ఈరయ్య. కూతురి మొహం చూసి మళ్లీ ఆగాడు. "మీ సారుది గూడ జొన్ననే గదా. ఆయన పిట్టలనెట్ల ఆపుతుండో సూసి రా. అందాంక ముట్ట."

నిస్సీ అడిగింది. "పిట్టలకు కూడా హక్కుంటది" అని సారు సెలవిచ్చాడు. అది నాయినకు చెప్పే జవాబు కాదని ఆ పిల్లకు తెలుసు. కళ్లతో చూడాలనుకుంది.

రెండువేల పదకొండులో క్రిస్మస్ ముందటి రోజే ఎల్లమావాస్య పడింది. ఆ పండుగ నాడు ఈ వైపు వాళ్లు సజ్జరొట్టెలు, కూరగాయలన్నీ కలిపి వండిన భజ్జి, అంబలి మూటగట్టుకుని చేనుకు పోతారు. ఐదు రాళ్లు పెట్టి మొక్కి, పైరు నడుమ కూర్చుని తింటారు. చేనున్నవాడు దోస్తులను పిలవాలి, వస్తామన్నవాళ్లను వద్దనే పద్ధతి లేదు. "ఈసారి మీ చేనుకే సార్" అన్నారు పిల్లలు. సారు నవ్వుతూ రమ్మని, స్టాఫ్ రూంలోకి వెళ్లి తలుపేసుకున్నాడు.

దేవప్పకు ఫోన్ చేశాడు. "యాడన్న జొన్నకట్టలు పట్టుకొచ్చి, పత్తి నడుమ జాగ చేసి నాటు."

"కోసిన జొన్న నాటుడేంది సారూ?"

"నాటుమంటే నాటు. పిల్లగాండ్ల ముంగట నా ఇజ్జత్ పోతది."

దేవప్ప నాటాడు. పిల్లలు ఆటో దిగేసరికి జొన్న నిటారుగానే ఉంది. చుట్టూ ఉన్న పత్తి పక్కవాళ్లదని చెప్పి, సారు దాని పక్కన నిలబడి ఉపన్యాసం దంచాడు, ఫోటోలు దిగాడు. ఎండెక్కాక, అందరూ భజ్జి వడ్డించుకుంటుండగా, పైరు మెల్లగా తలలు వాల్చసాగింది. ఓ కర్ర వచ్చి బాలకిషన్ భుజమ్మీద వాలింది.

"నీళ్లు తక్కువైనట్టున్నయ్" అన్నాడు సారు.

నిస్సీ అప్పటికే లేచి కంకులు చూస్తూ తిరుగుతోంది. ఒకచోట ఆగింది. కంకికి నీలం పేలిక, తను వేసిన ముడే. పట్టుకుంటే కర్ర వేరు లేకుండా చేతిలోకొచ్చింది.

"దేవప్ప కాకా, గిది యాడిది?"

దాచమని దేవప్పకు ఎవరూ చెప్పలేదు. "మీదే బిడ్డా. ఈ దిక్కు ఇంకెవలికున్నది జొన్న? మీ నాయిన కొయ్యనంటే కొయ్యనన్నడు. నువ్వు జవాబు తెచ్చేదాంక ముట్టడంట. సుభాష్ సారుకే కావాలె అని నేనన్న. గంతే, సారే కొయ్యమన్నడంటే ఇగ గదే జవాబని కొడవలి పట్టిండు. నాకు నాలుగు కట్టలు సాలు అన్నా ఇనలే, చేనంత కోసిండు."

పిల్లల చేతుల్లో రొట్టెలు ఆగిపోయాయి. నిస్సీ తిడుతుందేమోనని సుభాష్ ఎదురుచూశాడు, తిడితే బాగుండుననీ అనుకున్నాడు. ఆమె పేలిక ముడి విప్పుకుని గుప్పిట్లో పెట్టుకుంది.

"వచ్చే యేడు ఏం పెట్టమంటరు సార్? మా నాయిన మల్ల మిమ్మల్నే అడిగి రమ్మంటడు."

  గంట కొట్టినా పాఠం ఆపని సుభాష్, ఎంగిలి చేత్తోనే ఎదుట పడి ఉన్న జొన్నకర్రను తీసి మట్టిలో గుచ్చాడు. అది మళ్లీ పక్కకు వాలింది.